కొడవటిగంటి కుటుంబరావు – చిన్న పుటలలో మహాగ్రంథాలు

కృష్ణా గోదావరి నదుల నడుమ విస్తరించిన కొల్లేటి సరస్సుకు ఎగువన, ఏలూరుకు చేరువలో పెదపాడు ఉన్నది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో కలిసే రోజులలో ఈ ప్రాంతపు లంక గ్రామాలకు దారులు మునిగిపోయేవి. పడవ వస్తే ఉత్తరం వచ్చేది, లేకుంటే లేదు. ఇటువంటి పల్లెలకు మహాగ్రంథాలు సులభంగా చేరేవి కావు. గ్రీకు మహాకవి హోమరు కావ్యాలను గాని, ఆంగ్ల నాటకకర్త షేక్‌స్పియరు నాటకాలను గాని, వంగ నవలాకర్త బంకించంద్రుని నవలలను గాని కొని చదివే స్తోమత, చదివి అర్థం చేసుకొనే భాషాజ్ఞానం ఆ ఇండ్లలో ఎందరికో లేవు. అయినా ఆ కథలు ఆ పల్లెల పిల్లలకు తెలుసు. బొమ్మలతో, చిన్న చిన్న వాక్యాలతో, నెలకొక భాగంగా అవి 'చందమామ' పత్రికలో వారికి అందాయి.

ఈ పాఠ్యరచయిత పెదపాడులో గడిపిన బాల్యంలో, అట్ట చిరిగిన పాత చందమామల సంపుటం ఒకటి ఇంటింటికీ తిరుగుతూ ఉండేది. దానిలో రూపధరుడనే వీరుడు యుద్ధం ముగించుకొని తన ఇంటికి చేరడానికి సముద్రం మీద ఏళ్ల తరబడి పడిన పాట్లు ఉండేవి. చివరి పుటలు లేకపోవడంతో అతడు ఇల్లు చేరాడో లేదో చాలాకాలం తెలియలేదు. కళాశాలలో చేరిన తరువాత ఒకనాడు అధ్యాపకులు 'ఒడిస్సీ' మహాకావ్యం గురించి చెబుతుండగా, ఆ వీరుడు ఎవరో ఉన్నట్టుండి బోధపడింది. మరి కొన్నేళ్లకు, ఆ కథను అంత తేటగా తెలుగులో చెప్పినవారెవరో కూడా తెలిసింది. సంపుటం అంతా వెదకినా ఆ రచయిత పేరు మాత్రం లేదు. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు.

కుటుంబరావు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో, ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. అయిదేళ్ల వయసులో, 1914లో, తండ్రి మరణించారు. 1920లో తల్లి కూడా కన్నుమూశారు. పదకొండేళ్లు నిండేసరికే తల్లిదండ్రులిద్దరూ లేని ఆ బాలుడు బంధువుల అండన పెరిగాడు. ఇంట్లో అతనికి సాహిత్యద్వారం తెరచినవారు అన్నగారైన వెంకటసుబ్బయ్య. ఆయన స్వయంగా రచయిత. పాశ్చాత్య సాహిత్యం చదివినవారు. ఆయన సాహచర్యం వల్ల కుటుంబరావుకు చిన్నతనంలోనే ఇంగ్లీషు కథలతో పరిచయం కలిగింది. ఒక పెద్దవాడు తాను చదివిన పుస్తకాన్ని ఒక చిన్నవాడికి అందించడం ఎంత విలువైన పనో కుటుంబరావుకు బాల్యంలోనే అనుభవంలోకి వచ్చింది. తరువాతి జీవితంలో ఆయన లక్షలాది పిల్లలకు చేసిన పని అదే.

ఉన్నత పాఠశాల చదువు పూర్తి కాకముందే, 1925లో, ఆనాటి ఆచారం ప్రకారం ఆయనకు పద్మావతితో వివాహం జరిగింది. గుంటూరులో ఇంటర్మీడియట్ ముగించి, విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధాన విషయంగా బి.ఎ. చదివారు. ఆ శాస్త్రంలోనే పైచదువు కోసం కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరారు. కాని 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యం ఎన్నో మధ్యతరగతి కుటుంబాలను కుంగదీసినట్లే ఆయనను కూడా దెబ్బతీసింది. ఎం.ఎస్సీ. పూర్తి కాకుండానే చదువు ఆగిపోయింది.

అటుపైన బ్రతుకుతెరువు కోసం సుదీర్ఘమైన వెదుకులాట సాగింది. తెనాలిలో ముద్రణాలయపు పని చేశారు. సిమ్లాలో గుమాస్తాగా, ఒరిస్సాలోని జయపురంలో ఫోర్‌మన్‌గా పనిచేశారు. మద్రాసులో కొంతకాలం 'ఆంధ్రపత్రిక'లో ఉన్నారు. ఈ నడుమ 1939లో పద్మావతి మరణించారు. పిమ్మట చేసుకొన్న రెండవ భార్య కూడా కొద్దికాలానికే కన్నుమూశారు. 1945లో వరూధినితో జరిగిన వివాహం ఆయన జీవితానికి స్థిరత్వం తెచ్చింది. ప్రముఖ అనువాదకురాలు ఆర్. శాంతసుందరి, శాస్త్రవేత్త, సంగీతజ్ఞుడు అయిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ వీరి సంతానమే.

ఎన్ని ఉద్యోగాలు మారినా ఆయన రచన మాత్రం ఆపలేదు. 1930 ప్రాంతాల నుండి ఆయన కథలు పత్రికలలో రాసాగాయి. మధ్యతరగతి మనుషుల భయాలు, డబ్బు చుట్టూ తిరిగే బంధుత్వాలు, పెండ్లి పేరిట జరిగే అన్యాయాలు ఆయన కథలకు వస్తువులు. అలంకారాలు లేని వాక్యం, పాఠకుణ్ణి బుజ్జగించని దృష్టి ఆయన లక్షణాలు. 'చదువు', 'ఐశ్వర్యం', 'పంచకళ్యాణి', 'కురూపి' వంటి నవలలు, నవలికలు ఆయనకు తెలుగు కల్పనాసాహిత్యంలో సుస్థిరమైన స్థానం కల్పించాయి. వీటిలో 'చదువు' ఒక బాలుని అక్షరాభ్యాసం మొదలు అతడు పెరిగి పెద్దవాడై నిరుద్యోగపు నీడలో నిలిచేవరకు సాగిన కథ. బడిలో నేర్పే చదువుకూ, బ్రతుకు నేర్పే చదువుకూ నడుమ ఉన్న దూరాన్ని ఆ నవల కొలిచి చూపింది.

ఇటువంటి రచయిత పిల్లల పత్రికలోకి రావడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసు నుండి 'చందమామ'ను తెలుగులోను, 'అంబులిమామ' పేరుతో తమిళంలోను ప్రారంభించారు. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. ఆయన కూడా తెనాలి వారే. వంగభాష నేర్చుకొని శరత్‌చంద్రుని నవలలను తెలుగు చేసినవారు. ఒక భాషలోని మంచి కథ మరొక భాషలో సొంత కథవలె వినిపించాలన్నది ఆయన అనువాదాలను చూసిన వారికి తెలిసే విషయం. కుటుంబరావు 1952లో చందమామలో చేరారు. నాటి నుండి మరణించేవరకు, 28 సంవత్సరాలు, పత్రికలోని రచనల భారమంతా ప్రధానంగా ఆయనే వహించారు. సంపాదకునిగా పత్రికపై అచ్చయిన పేరు మాత్రం చక్రపాణిది.

ఆ 28 ఏళ్లలో ఆయన చేసిన పనిని మూడు విధాలుగా చెప్పవచ్చు. పాఠకులు పంపిన కథలను సంస్కరించి తిరిగి రాయడం మొదటిది. ప్రాచీన భారతీయ కథలను నేటి పిల్లలకు చెప్పడం రెండవది. రామాయణ భారతాలు, జాతకకథలు, కథాసరిత్సాగరంలోని కథలు ఈ వర్గంలోనివి. ప్రపంచసాహిత్యంలోని మహాకావ్యాలను, నాటకాలను, నవలలను కుదించి ధారావాహికలుగా, కథలుగా అందించడం మూడవది. హోమరు 'ఇలియడ్' ఆయన చేతిలో 'భువనసుందరి' అయింది. 'ఒడిస్సీ' 'రూపధరుని యాత్రలు' అయింది. షేక్‌స్పియరు నాటకాలు కథలయ్యాయి. అరేబియన్ నైట్స్ కథలు తెలుగు పలుకుబడి నేర్చుకొన్నాయి. బంకించంద్రుడు 1865లో వెలువరించిన తొలి వంగనవల 'దుర్గేశనందిని', దానికి కొనసాగింపుగా మరొక రచయిత రాసిన 'నవాబు నందిని' కూడా చందమామ పుటలలో ధారావాహికలుగా వచ్చాయి.

పెద్ద గ్రంథాన్ని చిన్నది చేయడం కత్తెర పట్టినంత మాత్రాన జరిగే పని కాదు. నడుమ నడుమ పుటలు తీసివేస్తే మిగిలేది సంక్షిప్త గ్రంథం కాదు, చిరిగిన గ్రంథం. కుదించేవాడు మొదట మూలాన్ని పూర్తిగా జీర్ణించుకోవాలి. ఏ సంఘటన లేకపోతే కథ నిలువదో, ఏది లేకపోయినా నిలుస్తుందో నిర్ణయించుకోవాలి. ఆ తరువాత మూలాన్ని ప్రక్కన పెట్టి, కథను మొదటి నుండి తన మాటలలో చెప్పాలి. 'దుర్గేశనందిని'నే తీసుకొందాం. మొగలు సేనానికీ పఠానులకూ జరిగిన పోరు, జగత్‌సింహుడు, తిలోత్తమ, అయేషా అనే ముగ్గురి మనస్సులలోని ఘర్షణ ఆ నవలకు ఆయువుపట్లు. కోట వర్ణనలు, రచయిత నడుమ నిలిచి పాఠకునితో చేసే ప్రసంగాలు తగ్గినా కథ సాగుతుంది. అయేషా త్యాగం తగ్గితే మాత్రం కథకు అర్థమే ఉండదు. ఈ వివేకం లేనివాడు సంక్షేపానికి పూనుకోరాదు.

ఇక్కడ చిత్రకారుని పాత్రను కూడా గుర్తించాలి. రచయిత వర్ణన మానుకోగలగడానికి కారణం ఆ భారాన్ని బొమ్మ మోయడమే. కోట ఎంత ఎత్తున్నదో, రాజు కిరీటం ఎటువంటిదో, రాక్షసుని కోరలు ఎంత పొడవో వాక్యాలలో చెప్పనవసరం లేదు. పుటకు ఒక ప్రక్కన అవి కనబడుతూనే ఉంటాయి. చందమామకు అటువంటి చిత్రకారులు లభించారు. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ వంటివారు ఆ పత్రికకు రూపమిచ్చారు. చేత కత్తి, భుజాన శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుని శంకర్ గీసిన బొమ్మ ఎన్నో తరాల పిల్లల మనస్సులలో ముద్రపడింది. చదవడం పూర్తిగా రాని పసివాడు ముందు బొమ్మను చూసేవాడు. బొమ్మ రేపిన కుతూహలంతో అక్షరాలను కూడబలుక్కొనేవాడు. అక్షరం చిత్రాన్ని వివరించేది, చిత్రం అక్షరానికి ఆశ కల్పించేది.

బేతాళ కథల విషయంలో కుటుంబరావు ప్రతిభ మరింత స్పష్టమవుతుంది. సంప్రదాయంలో ఉన్న బేతాళ కథలు ఇరవై అయిదు మాత్రమే. అవి ముగిసిన తరువాత కూడా పాఠకులు ఆ చట్రాన్ని విడువలేదు. అందువల్ల ఆయన ఇతర కథలను ఆ చట్రంలోకి తెచ్చారు. ప్రతి కథ చివర ఒక చిక్కుప్రశ్న నిలిచేటట్లు, దానికి విక్రమార్కుడు తర్కబద్ధమైన సమాధానం చెప్పేటట్లు తీర్చిదిద్దారు. భౌతికశాస్త్రం చదివిన మనస్సు ఈ పనిలో ఎంతగా ఉపకరించిందో ఊహించవచ్చు. శవం మాట్లాడటం కల్పన. కాని అది అడిగే ప్రశ్న న్యాయానికి సంబంధించినది. పిల్లవాడు కథ విని భయపడి ఊరుకోక, రాజుకంటె ముందుగా తాను సమాధానం వెదకడం నేర్చుకొనేవాడు.

ఆయన చందమామకు కుదిర్చిన భాష గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దీర్ఘసమాసాలు లేవు. ఒక ప్రాంతానికే పరిమితమైన మాండలికపదాలు లేవు. అనవసరమైన ఇంగ్లీషు మాటలు లేవు. శ్రీకాకుళం పిల్లవాడు, అనంతపురం పిల్లవాడు, తెలంగాణ పల్లెలోని పిల్లవాడు పెద్దల సాయం లేకుండా చదువుకోగలిగిన తేట తెలుగు అది. చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడుతూ ఉండేది కాబట్టి, ఇతర భాషలలోకి సులభంగా ఒదిగే నిరాడంబరత కూడా ఆ వాక్యానికి అవసరమయింది. విదేశీ పేర్లు పిల్లల నోట పలకవని గుర్తించి ఒడిస్యూసును రూపధరునిగా, హెలెనును భువనసుందరిగా మార్చడం ఈ దృష్టికి మంచి ఉదాహరణ. అందువల్ల గ్రీకు వీరుడు కొల్లేటి పడవ మీద వచ్చినవానివలె మన పిల్లలకు చిరపరిచితుడయ్యాడు.

అయితే ఈ పనిని అందరూ మెచ్చలేదు. సంక్షిప్త గ్రంథాలపై పండితులకు ఎప్పుడూ ఒక అనుమానం ఉన్నది. మహాకవి ఉపమలు, వర్ణనలు, శబ్దసౌందర్యం పోగా మిగిలిన కథ అస్థిపంజరం వంటిదని వారి వాదం. చిన్నది చదివినవాడు పెద్దది చదివినట్లే తృప్తిపడి అక్కడే ఆగిపోతాడన్న భయం కూడా లేకపోలేదు. ఈ వాదంలో నిజం ఉన్నది. 'రూపధరుని యాత్రలు' చదివినంత మాత్రాన హోమరును చదివినట్లు కాదు. సంక్షేపం ఎన్నడూ మూలానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

కాని మన ప్రాచీనసాహిత్యం వైపు చూస్తే సంక్షేపం కొత్త సంగతి కాదని, తక్కువ సంగతి అంతకన్నా కాదని తెలుస్తుంది. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి క్షేమేంద్రుడు రామాయణ భారతాలను, బృహత్కథను 'మంజరుల' పేరుతో కుదించి కావ్యాలుగా రచించాడు. ఆ శతాబ్దంలోనే సోమదేవుడు బృహత్కథను సంగ్రహించి 'కథాసరిత్సాగరం' కూర్చాడు. మూలమైన బృహత్కథ నేడు మనకు లభించడం లేదు. సంగ్రహాలు, అనుసరణలు ఉండబట్టే ఆ కథలు మిగిలాయి. బేతాళ కథలు కూడా వాటితోపాటే మనదాకా వచ్చాయి. మన తోలుబొమ్మలాట, కలంకారీ వస్త్రాలు, దేవాలయాల గోడలపై శిల్పాలు కూడా ఒక విధంగా బొమ్మలతో చెప్పిన సంక్షిప్త కథలే. చదువురానివారికి రామాయణం చేరింది అధికంగా ఆ దారినే. కుటుంబరావు ఆ పాత దారినే అచ్చుయంత్రపు కాలానికి పొడిగించారు.

ఆయన జీవితంలో మరొక వైరుధ్యం కూడా కనబడుతుంది. ఆయన హేతువాది, మార్క్సిస్టు భావాలు కలవారు. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో పాలుపంచుకొన్నారు. సాహిత్యం, సినిమా, విజ్ఞానశాస్త్రం, రాజకీయాలపై ఎన్నో వ్యాసాలు రాశారు. అటువంటివారు పగలంతా దయ్యాలు, రాజకుమారులు, మాంత్రికులు ఉన్న కథలను దిద్దుతూ కూర్చోవడం ప్రతిభను వృథా చేసుకోవడం కాదా అని ప్రశ్నించవచ్చు. ఉద్యోగం లేకుంటే ఇల్లు గడవదన్న వాస్తవం అందులో కొంత ఉన్నది. తల్లిదండ్రులను కోల్పోయి, డబ్బు లేక చదువు మానుకొన్న మనిషికి నెలజీతం విలువ తెలుసు. కాని జీతం కోసం మాత్రమే చేసిన పని 28 ఏళ్లపాటు ఒకే నాణ్యతతో ఉండదు. ఆ కథలలో మూఢనమ్మకం గెలవదు. తెలివి, దయ, న్యాయం గెలుస్తాయి. మాంత్రికుని వెనుక కూడా హేతువాది ఉన్నాడని శ్రద్ధగా చదివినవారు గుర్తిస్తారు. 'చదువు' నవలలో బడిచదువులోని లోపాన్ని ఎత్తిచూపిన రచయిత, ఆ లోపాన్ని తీర్చే పనికి చందమామలో పూనుకొన్నారని కూడా చెప్పవచ్చు.

1975లో చక్రపాణి మరణించిన తరువాత కూడా కుటుంబరావు ఆ బాధ్యతను విడువలేదు. 1980 ఆగస్టు 17న ఆయన కన్నుమూశారు. సాహిత్యలోకం ఒక గొప్ప కథకుణ్ణి, నవలాకారుణ్ణి, విమర్శకుణ్ణి కోల్పోయింది. నెలనెలా ఆయన వాక్యాలు చదువుతూ పెరిగిన పిల్లలలో చాలామందికి మాత్రం తమకు కథలు చెప్పిన మనిషి పేరేమిటో తెలియదు. కీర్తిని ఆశించే రచయితకు ఇది శిక్ష. పనిని ప్రేమించిన రచయితకు ఇది ఒక విధమైన సార్థకత; అమ్మమ్మ చెప్పిన కథకు కర్త ఎవరని ఏ పిల్లవాడూ అడగడు కదా!

ఆరు దశాబ్దాలకు పైగా సాగిన చందమామ ప్రచురణ 2013 నాటికి ఆగిపోయింది. దాని స్థానాన్ని పూరించగల బాలల పత్రిక మళ్లీ రాలేదన్న వెలితి పాత పాఠకులలో ఇప్పటికీ ఉన్నది. నేటి విద్యార్థికి కథలు అందే మార్గాలు అనేకం; అయినా మూల గ్రంథానికీ చదువరికీ నడుమ ఉన్న దూరం తరగలేదు. పరీక్షల కోసం తయారయ్యే సంక్షిప్త పాఠాలు ఆ దూరాన్ని తగ్గించవు. అవి గ్రంథం చదవవలసిన అవసరం లేకుండా చేస్తాయి. కుటుంబరావు సంక్షేపం అటువంటిది కాదు. అది చదివినవారికి మూలం మీద ఆకలి పుట్టేది. మంచి సంగ్రహానికీ చెడ్డ సంగ్రహానికీ మధ్య భేదం తెలుసుకోవడానికి ఇంతకంటె తగిన గీటురాయి లేదు.

పెదపాడులో తిరిగిన ఆ పాత సంపుటానికి చివరి పుటలు లేకపోవడం ఈ పాఠ్యరచయితకు ఒకనాడు దుఃఖం కలిగించింది. రూపధరుడు ఇల్లు చేరాడో లేదో తెలుసుకోవాలన్న ఆరాటమే తరువాత పెద్ద గ్రంథాల దగ్గరకు, ప్రాచీన కావ్యాల అధ్యయనానికి నడిపించింది. ఇరవై నాలుగు సర్గల ఆ మహాకావ్యాన్ని అనువాదంలో పూర్తిగా చదివిన రోజున, అతడు ఇల్లు చేరిన ఘట్టం కండ్లకు కట్టింది. ఆ క్షణంలో మనస్సులో మెదిలినవి మాత్రం చిన్ననాటి బొమ్మ, దాని ప్రక్కన పేరు లేని ఆ తేట తెలుగు వాక్యం. విద్యార్థులు చిన్న పుస్తకాన్ని చిన్నచూపు చూడరాదు, అక్కడే ఆగిపోనూరాదు. ఈ రెండూ పాటించిన నాడు కొడవటిగంటి కుటుంబరావు పడిన శ్రమ ఫలించినట్లే.